అజోవ్ ఫొటో వస్తే ముందు ఏం చూడాలి

పసుపుపచ్చ జెండా, దాని మీద నల్లగా ఒక గుర్తు, ముసుగులేసుకున్న కుర్రాళ్ళు. కింద తెలుగులో ‘ఉక్రెయిన్ నిజస్వరూపం’ అని ఒక ముక్క. ఆ కుర్రాళ్ళు అజోవ్ అనే ఉక్రెయిన్ సాయుధ దళం వాళ్ళు, ఉక్రెయిన్ అంతా నాజీలేనని చెప్పడానికి వాళ్ళని చూపిస్తారు. ఇదొక రకం ఫొటో. రెండో రకంలో మిలటరీ బట్టల్లో ఉన్న రష్యన్లు, చేతి మీద పచ్చబొట్టు, కింద ‘అసలు నాజీలు వీళ్ళే’. పాలకొల్లు చుట్టుపక్కల గ్రూపుల్లో రెండూ తిరుగుతున్నాయి. పొద్దున్నే పేపరు కోసం మా అరుగు మీదకి నలుగురు చేరేసరికి రెండు పార్టీలు తయారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ‘తీర్పు మీరే చెప్పాలండీ మాస్టారూ’ అంటారు. తీర్పు సంగతి తర్వాత, ముందు ఆ ఫొటోని చదవడం నేర్పుతాను. ఇక్కడ రాస్తున్నది అదే పాఠం.

మొదట చూడాల్సింది తేదీ. ఏ ఏడాది ఫొటోయో తేలేదాకా నోరు విప్పకండి. ఫోన్లో ఆ బొమ్మని గూగుల్ లెన్స్‌కి ఇచ్చి వెతికితే ఎక్కడెక్కడ వాడారో వరసగా వస్తుంది. వాటిలో అన్నిటికంటే పాతది పట్టుకోండి. ‘నిన్న తీసింది’ అని వచ్చిన వాటిలో చాలా మటుకు 2014 నాటివో, 2015 నాటివో అవుతాయి. ఇది చిన్న తేడా కాదండోయ్. యుద్ధం 2022 ఫిబ్రవరి 24న మొదలైందని అనుకునేవాళ్ళతో వాదన ఇక్కడే గాడి తప్పుతుంది.

2014 ఫిబ్రవరిలో కీవ్‌లో ఆందోళనల మధ్య అధ్యక్షుడు యనుకోవిచ్ దేశం విడిచి పారిపోయాడు. మార్చిలో రష్యా ఉక్రెయిన్‌లోని క్రిమియాని కలిపేసుకుంది. ఏప్రిల్లో తూర్పున బొగ్గు గనుల ప్రాంతం దోన్బాస్‌లో దొనెత్స్క్, లుహాన్స్క్ ‘ప్రజా రిపబ్లిక్’లు ఉక్రెయిన్ నుంచి విడిపోయామని తమను తాము ప్రకటించుకున్నాయి. అక్కణ్ణుంచి 2021 ఆఖరు దాకా అక్కడ 14,000 మందికి పైగా చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో సైనికులు కానివాళ్ళు 3,400 మందికి తక్కువ కాదు. అంటే మన టీవీలు పట్టించుకోకముందే ఎనిమిదేళ్ళ వేర్పాటు యుద్ధం ఒకటి నడిచింది. ఫొటో ఆ ఎనిమిదేళ్ళలోదా, తర్వాతదా అన్నదాన్ని బట్టే అందులో మనుషులెవరో తెలుస్తుంది.

ఇక గుర్తు. ఇక్కడ తొందర పడొద్దు. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూడండి. అజోవ్ దళం తొలినాళ్ళ బ్యాడ్జి అయితే పసుపు మీద ఇంగ్లీషు ‘ఎన్’ అక్షరంలాంటి నల్ల గీత, దాన్ని నిలువునా కోస్తూ మధ్యలో ఇంకో గీత కనిపిస్తుంది. ‘జాతి భావన’ అనే మాటకి అవి పొడి అక్షరాలని ఆ దళం చెప్పుకుంటుంది. అదే గీతని తిరగేసి చూస్తే హిట్లర్ కాలంలో నాజీ పార్టీ సొంత సేన ఎస్ఎస్‌లోని ఒక డివిజన్ పెట్టుకున్న గుర్తు. రెండు మాటలూ రాసుకోండి, ఏదో ఒకటే నమ్మాలని తొందరేం లేదు. తర్వాత ఆ గీతల వెనక తెల్లగా, చక్రంలాగా ఏమైనా ఉందేమో చూడండి. పన్నెండు వంకర ఊచల చక్రమైతే అది ‘నల్ల సూర్యుడు’. జర్మనీలోని వెవెల్స్‌బర్గ్ కోటలో ఎస్ఎస్ అధిపతి హిమ్లర్ మనుషులు నేల మీద చెక్కించిన బొమ్మ. దానికి వేరే అర్థం చెప్పుకోవడం కష్టం. దళం చిహ్నంలోంచి ఆ చక్రాన్ని తర్వాత తీసేశారు, కాబట్టి అది కనబడితే పాత ఫొటో అనో, పాత బుద్ధి పోని మనిషి అనో అనుకోవచ్చు.

మన గడప మీద పసుపు కుంకుమలతో వేసుకునే స్వస్తిక్ గురించి కూడా ఒకాయన అడిగారు. అది ఈ గొడవలో లేదండి, దాన్ని దీంట్లోకి లాగొద్దు.

అజోవ్ పుట్టింది 2014 మే నెలలో. అప్పటికి ఉక్రెయిన్ సైన్యం చేవ చచ్చి ఉంది. స్వచ్ఛంద దళాలు ఎవరు పెడతామంటే వాళ్ళకి తుపాకులిచ్చే పరిస్థితి. ఈ దళం నాయకుడు ఆంద్రియ్ బిలెత్‌స్కీ అంతకుముందు ‘పేట్రియట్ ఆఫ్ ఉక్రెయిన్’ అనే పచ్చి జాతివాద గుంపు నడిపినవాడు. జూన్‌లో మరియుపోల్ నగరాన్ని వేర్పాటువాదుల నుంచి తిరిగి పట్టుకోవడంలో ముందు నిలిచి పేరు తెచ్చుకున్నారు. నవంబరులో ప్రభుత్వం వాళ్ళని నేషనల్ గార్డులో కలిపింది. బిలెత్‌స్కీ ఎంపీ అయ్యాడు, 2019లో ఆ సీటూ పోయింది. 2015లో దళం ప్రతినిధే ఒక అమెరికా పత్రికతో మాట్లాడుతూ, తమలో నూటికి పది ఇరవై మంది నాజీ భావాల వాళ్ళున్నారని ఒప్పుకున్నాడు. 2018లో అమెరికా కాంగ్రెస్ తన సైనిక సాయం అజోవ్‌కి చేరకూడదని చట్టంలో రాసింది, 2024లో అమెరికా ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. ఈ రెండు తేదీల్లో ఎవరికి నచ్చింది వాళ్ళు ఫార్వర్డ్ చేస్తారు. మీరు రెండూ కలిపి పెట్టండి.

ఇక మా అరుగు మీద ఎవరూ అడగని ప్రశ్న. యుద్ధరేఖకి అవతల పక్కన, వేర్పాటువాదుల్లో, ఎవరున్నారు? ఈ పాఠంలో ఎక్కువ సేపు కూర్చోవాల్సింది ఇక్కడే. ‘ఫాసిస్టుల మీద జనం తిరుగుబాటు’ అని చెప్పుకున్న ఉద్యమాన్ని మొదట తుపాకీతో నడిపిన వాళ్ళ పాత చరిత్ర చూస్తే కళ్ళు తిరుగుతాయి.

పావెల్ గుబారెవ్‌తో మొదలుపెట్టండి. 2014 మార్చిలో దొనెత్స్క్‌కి ‘ప్రజా గవర్నర్’నని ప్రకటించుకున్నవాడు. ఆయన ఒకప్పుడు ‘రష్యన్ నేషనల్ యూనిటీ’ సభ్యుడు. అది 1990లో బర్కషోవ్ అనేవాడు పెట్టిన సంస్థ. దాని చిహ్నం ఎనిమిది కోణాల నక్షత్రం మధ్య హిట్లర్ మార్కు స్వస్తిక. మళ్ళీ గడప మీది ముగ్గు కాదు. ఆ ఏడాది మేలో ఉక్రెయిన్ నిఘా విభాగం ఒక ఆడియో బయటపెట్టింది. అందులో ఒక వేర్పాటు నాయకుడికి బర్కషోవ్ ‘89 శాతం అని రాసెయ్’ అని సలహా ఇస్తాడు. నాలుగు రోజుల తర్వాత, మే 11న, స్వతంత్రంగా ఉండాలా వద్దా అని రిఫరెండం, అంటే జనాభిప్రాయ ఓటింగు జరిగింది. దొనెత్స్క్‌లో ప్రకటించిన ఫలితం 89.07 శాతం. ఆడియో విడుదల చేసింది యుద్ధంలో ఒక పక్షం, ఆ మాట మర్చిపోవద్దు. కానీ అది బయటికొచ్చింది ఓటింగుకి ముందు, ఈ మాటా మర్చిపోవద్దు.

తర్వాత ఈగర్ గిర్కిన్, మారుపేరు స్త్రెల్కోవ్. రష్యా నిఘా సంస్థ ఎఫ్‌ఎస్‌బీలో పనిచేసిన మనిషి, జార్ల సామ్రాజ్యం మళ్ళీ రావాలని కోరుకునేవాడు, పాత యుద్ధాల వేషాలేసి ఆడే నాటకాల పిచ్చి ఉన్నవాడు. 2014 ఏప్రిల్ 12న సాయుధుల్ని వెంటేసుకుని స్లొవ్యాన్స్క్ పట్టణాన్ని పట్టుకున్నాడు. యుద్ధానికి ట్రిగ్గర్ నొక్కింది నేనేనని ఆ నవంబరులో ఒక రష్యన్ పత్రికకి తనే చెప్పుకున్నాడు. స్లొవ్యాన్స్క్‌లో మనుషుల్ని కాల్చి చంపడానికి ఆయన సంతకం చేసిన ఆర్డర్లు దొరికాయి. వాటికి ఆధారంగా చూపించిన చట్టం 1941 జూన్ 22 నాటి సోవియట్ యుద్ధకాల శాసనం. జార్ భక్తుడు స్టాలిన్ చట్టం పట్టుకుని శిక్ష వేయడం! క్లాసులో చెబితే పిల్లలు నమ్మేవారు కాదు. 2014 జులై 17న 298 మందితో వెళ్తున్న మలేషియా విమానం కూలిన కేసులో నెదర్లాండ్స్ కోర్టు 2022లో ఆయన లేకుండానే విచారించి యావజ్జీవం వేసింది. 2024 జనవరిలో రష్యా కోర్టే తీవ్రవాద పిలుపుల నేరం మీద నాలుగేళ్ళు జైలుకి పంపింది.

మూడోది ‘రుసిచ్’ దళం. 2014 వేసవిలో లుహాన్స్క్ వైపు దిగింది. నాయకుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ వాడైన అలెక్సీ మిల్చకోవ్. కెమెరా ముందు కూర్చుని ‘నేను నాజీని’ అని చెప్పిన మనిషి. చచ్చిపోయిన ఉక్రెయిన్ సైనికుల పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. రుసిచ్ మీద అమెరికా 2022లో ఆంక్షలు పెట్టింది. ‘రష్యన్ ఇంపీరియల్ మూవ్‌మెంట్’ అని ఇంకొకటి, దోన్బాస్‌కి మనుషుల్ని తయారుచేసి పంపింది. 2020 ఏప్రిల్లో అమెరికా దాన్ని ఉగ్రవాద జాబితాలో పెట్టింది. తెల్లజాతి ఆధిపత్యం చెప్పుకునే సంస్థని ఆ జాబితాలో చేర్చడం అదే మొదటిసారి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాళ్ళ శిబిరంలో శిక్షణ తీసుకున్న ఇద్దరు స్వీడన్ వాళ్ళు తిరిగెళ్ళి గోథెన్‌బర్గ్ బాంబు దాడుల కేసులో దోషులయ్యారు.

బయటి దేశాల వాళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను. స్వీడన్, ఇటలీ, ఫ్రాన్స్ నుంచి వచ్చిన తీవ్ర జాతివాదులు గీతకి రెండు వైపులా ఉన్నారు. వేర్పాటువాదుల వైపు స్పెయిన్ నుంచి ఎర్రజెండా పిల్లలు కూడా వచ్చి, పక్క కందకంలో ఎవరున్నారో పట్టించుకోకుండా ఫాసిజం మీద పోరాడామనుకున్నారు. 2023 మేలో సరిహద్దు దాటి రష్యాలోని బెల్గొరోద్ ప్రాంతంలోకి చొరబడ్డవాళ్ళలో ఉక్రెయిన్ తరఫున పోరాడే రష్యన్లే ఉన్నారు. వాళ్ళ నాయకుల్లో ఒకడు యూరప్‌లో పేరుమోసిన నియోనాజీ. కాబట్టి ‘అటు వాళ్ళు, ఇటు వాళ్ళు’ అని జెండా రంగుతో తేల్చేయకండి.

ఇప్పుడు లెక్క. ఫొటోలో ఉన్నది పదిమంది, 2022కి ముందు దేశం జనాభా నాలుగు కోట్ల పైనే. మా అరుగు మీద వెనామీ రొయ్యల చెరువులున్న రాజుగారికి ఇది ఒక్క ముక్కలో ఎక్కింది. చెరువులో ఒక మూల విసురువల వేసి నాలుగు రొయ్యలు తీసి, చెరువంతా కిలోకి అదే కౌంటని కొనుగోలుదారు అంటే ఒప్పుకుంటామా అన్నారాయన. ఒప్పుకోం కదా. నాలుగు మూలల లెక్క కావాలంటే ఎన్నికలు చూడండి. ఉక్రెయిన్ తీవ్ర జాతివాద పార్టీ స్వొబొదకి 2012లో 10.44 శాతం ఓట్లు వచ్చాయి. యుద్ధం మొదలయ్యాక, 2014 అక్టోబరులో, 4.71. పార్టీ జాబితాకి పార్లమెంటు సీట్లు రావడానికి కావాల్సిన ఐదు శాతం దాటలేదు. 2019లో ఆ బాపతు వాళ్ళందరూ ఒకే జాబితాగా నిలబడితే 2.15 శాతం. అదే ఏడాది యూదు కుటుంబంలో పుట్టిన జెలెన్‌స్కీకి 73 శాతం వేసి అధ్యక్షుణ్ణి చేశారు. ఓట్లు లేవు కాబట్టి హాని లేదని అనను. 2018లో కీవ్‌లో రోమా (జిప్సీ) జనం గుడిసెల మీద సీ14 అనే గుంపు పడి తరిమింది, పోలీసులు చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఓటు పెట్టెలో చిన్నవాళ్ళు వీధిలో పెద్దవాళ్ళు కావచ్చు. అందుకే రెండూ విడివిడిగా చూడాలి.

ఆఖరి ప్రశ్న, ఆ దళానికి జీతం, తుపాకీ, ఆర్డరు ఎవరిస్తున్నారని. అజోవ్ నేషనల్ గార్డులో చేరాక ఉక్రెయిన్ ప్రభుత్వమే దానికి బాధ్యత. అటు గిర్కిన్‌ని 2014 ఆగస్టులో పక్కకి తప్పించారు, గుబారెవ్ లాంటివాళ్ళకి అధికారం దక్కనివ్వలేదు. కల్లోలం రేపడానికి పనికొచ్చిన మనుషులు పాలనకి పనికిరాలేదు. నా అభిప్రాయం అడిగితే, ఈ యుద్ధంలో నాజీ పిచ్చోళ్ళు రెండు వైపులా నిప్పు రాజేశారు. కానీ పొరుగు దేశంలోకి లక్షల సైన్యాన్ని పంపాలన్న నిర్ణయం ఏ బ్యాడ్జి వాడిదీ కాదు, అది మాస్కో ప్రభుత్వానిది. ‘నాజీల్ని ఏరేస్తాం’ అన్నది దానికి చెప్పిన కారణం. ఆ ఏరేసే పనికి పంపిన వాళ్ళలో రుసిచ్ కూడా ఉంది మరి.

మా తరానికి ఇది మింగుడుపడదని తెలుసు. విశాలాంధ్ర దుకాణంలో మాస్కో పుస్తకాలు కొనుక్కుని, సోవియట్ భూమి కాగితాలతో నోటు పుస్తకాలకి అట్టలేసుకుని పెరిగినవాళ్ళం. హిట్లర్‌ని ఓడించింది రష్యా అని నేర్చుకున్నాం. ఓడించింది సోవియట్ సేన, అందులో ఉక్రెయిన్ వాళ్ళు లక్షల్లో ఉన్నారు, జెలెన్‌స్కీ తాతతో సహా. అలాగే, జర్మన్లతో చేతులు కలిపిన ఉక్రెయిన్ జాతివాదులూ ఉన్నారు, 1943లో వొలీనియాలో పోలిష్ పల్లెల్ని ఊచకోత కోసినవాళ్ళూ ఉన్నారు. రెండో ముక్క చెప్పేటప్పుడు మొదటిది దాచకండి, మొదటిది చెప్పేటప్పుడు రెండోదీ దాచకండి.

ఒక పని మాత్రం చేయకండి. 2022లో ఆపరేషన్ గంగ విమానాల్లో మన జిల్లాల పిల్లలు కూడా తిరిగొచ్చారు. ఖార్కివ్‌లో మెట్రో స్టేషన్లో రోజుల తరబడి పడుకున్న పిల్లని పెళ్ళిలో పట్టుకుని, ‘అమ్మాయ్, అక్కడ నాజీలు కనపడ్డారా’ అని అడిగేస్తారు పెద్దలు. ఆ పిల్ల వెళ్ళింది అనాటమీ చదవడానికి. అంతగా అడగాలనుకుంటే కూరగాయల కొట్లో ఏ భాషలో మాట్లాడేవారో అడగండి. ఖార్కివ్‌లో ఎక్కువ మంది ఇంట్లో మాట్లాడేది రష్యనే, ఆ రష్యన్ మాట్లాడే వాళ్ళ ఇళ్ళ మీదే బాంబులు పడ్డాయి. రష్యన్ మాట్లాడినంత మాత్రాన రష్యా పక్షం కాదని తెలిస్తే దోన్బాస్ గురించి సగం అక్కడే అర్థమవుతుంది.

గ్రూపులో జవాబు పెట్టాలంటే పెద్ద వ్యాసం పెట్టకండి, ఎవరూ చదవరు. నేను పెట్టేది ఇంతే: ‘ఏవండీ, ఈ ఫొటో ఏ ఏడాదిది? ఏ ఊరిది? ఏ దళం? ఆర్డర్లు ఎవరివి? అటువైపు దళం ఫొటో కూడా ఉంటే పెట్టండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.’ జవాబు వస్తే చర్చించండి. రాకపోతే మర్నాడు అదే ఫొటో వచ్చినప్పుడు అదే మెసేజీ మళ్ళీ పెట్టండి.