పట్టపగలే డొమైన్ కంట్రోలర్ల రీస్టార్ట్

మాదాపూర్‌లో మా ఆఫీసుకు రెండు డొమైన్ కంట్రోలర్లు, అంటే అందరి లాగిన్‌లనూ సరిచూసే సర్వర్లు. అప్‌డేట్ల తర్వాత పగలే రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. అప్పటికే లాగిన్ అయినవాళ్ల గురించి నాకు బెంగ లేదు. లాగిన్ అయినప్పుడు ఇచ్చే కెర్బరోస్ టికెట్ (డిజిటల్ పాస్ లాంటిది) మామూలుగా 10 గంటలు పనిచేస్తుంది. టెన్షనంతా డీఎన్ఎస్ గురించే. పేరు చెబితే అడ్రస్ వెతికిపెట్టే ఆ సర్వీసు కూడా ఈ సర్వర్ల మీదే నడుస్తుంది. మూడో ఫ్లోర్‌లో ఒక పీసీ దగ్గర కూర్చుని ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ (నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చూపే కమాండ్) కొట్టి చూస్తే ఒకే ఒక్క డీఎన్ఎస్ అడ్రస్ కనిపించింది. ఆ సర్వర్ ఆగితే ఫ్లోరంతా ఆగినట్టే!

పీసీలకు నెట్‌వర్క్ సెట్టింగ్‌లు పంచే డీహెచ్‌సీపీలో రెండో సర్వర్ అడ్రస్ కూడా చేర్చి, మర్నాడు పొద్దున పీసీలు కొత్త సెట్టింగ్ తీసుకునేదాకా ఆగాను. ‘రెప్‌అడ్మిన్’ కమాండ్‌తో రెప్లికేషన్‌లో (రెండు సర్వర్లూ మార్పులు ఒకదానికొకటి పంపుకోవడంలో) తప్పుల్లేవని చూసుకుని, లంచ్ టైంలో మొదటిది రీస్టార్ట్ చేశాను. పింగ్‌కు (సర్వర్ పలుకుతోందా అని చూసే కమాండ్) జవాబు వచ్చింది కదా అని వెంటనే రెండోదాని జోలికి వెళ్లలేదు. డొమైన్ కంట్రోలర్ పనికి సిద్ధమైతే కనిపించే నెట్‌లాగాన్, సిస్‌వాల్ అనే షేర్డ్ ఫోల్డర్లు కనబడి, రెప్లికేషన్ మళ్లీ నడిచాకే దాన్ని ముట్టుకున్నాను. హెల్ప్‌డెస్క్‌కు ఒక్క ఫోన్ కూడా రాలేదు.