పని చేస్తూ వెబ్ డిజైన్ నేర్చుకున్న తొలి ఏడాదిని తిరిగి చూసుకోవడం ఎలా?

మిర్యాలగూడలో పగలంతా రైస్ మిల్లు లెక్కలు రాసి, రాత్రి తొమ్మిది దాటాక వెబ్ డిజైన్ నేర్చుకునే నాలాంటివారు, ఏడాది నిండాక ఎన్ని పాఠాలు చూశామని లెక్కపెట్టుకోవడం కన్నా, మొదట చేసిన పేజీని ఫోన్‌లో మళ్లీ తెరవడం మంచిది. అక్షరాలు చీమ తలకాయంత కనిపిస్తే వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని ఫోన్ తెర వెడల్పుకు తగ్గట్టు చూపించమని బ్రౌజర్‌కు చెప్పే కోడ్ వరుస) పెట్టారో లేదో ముందుగా చూడండి. అది లేనప్పుడు ఫోన్ బ్రౌజర్ సాధారణంగా పేజీని 980 పిక్సెళ్ల వెడల్పుకు అమర్చి, కుదించి చూపిస్తుంది.

తర్వాత తెలుగు వాక్యాలను దగ్గరగా పరిశీలించండి. నేను చేసిన ధరల పేజీలో లైన్ హైట్ (ఒక్కో వరుస ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.2 ఉండటంతో, ‘బియ్యం’లోని యవత్తు కింది వరుసలో ఉన్న ‘కిలో’ గుడికి తగిలింది, 1.7 చేశాక రెండూ విడివడ్డాయి. ఒత్తులు, గుడులు ఉన్న మన లిపికి ఇంగ్లీషు కొలతలు సరిపోవు కాబట్టి, తెలుగు పేజీలు చేసేవారు అన్నిటికన్నా ముందు దీన్నే సరిచూసుకోవాలని నా గట్టి నమ్మకం. మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులోని తేడాను చూపే నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలి.

కనిపించిన ప్రతి తప్పునూ నోట్‌బుక్‌లో రాసి, అది ఏ నెలలో జరిగిందో పక్కన గుర్తించండి. వరి కోతల సమయంలో మిల్లులో పని పెరిగి చదువు ఆగితే అది సోమరితనం కాదు. రెండో ఏడాది ప్రణాళికలో ఆ వారాలను ముందే ఖాళీగా ఉంచండి.