చేప నీచు అనుకుని వదిలేయకండి: పిల్లి పళ్ల జబ్బును గుర్తించే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో పెరిగే పిల్లులకు చాలావరకు చేప కలిపిన అన్నమే పెడతారు కనుక, వాటి నోటి దుర్వాసనను కూడా నీచు వాసనగానే భావించి ఎవరూ పట్టించుకోరు. చేప తిన్న వాసన కొన్ని గంటల్లో తగ్గుతుంది గాని, చిగుళ్ల జబ్బు వాసన తగ్గదు. అందుచేత పొద్దున్నే, ఇంకా ఏమీ పెట్టకముందే, నోరు వాసన చూడాలి. అప్పుడు కూడా కుళ్లు వాసన వస్తుంటే తప్పు చేపది కాదు.

పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వెనుక నుంచి తల మీద చెయ్యి ఆనించి, బొటనవేలితో పై పెదవిని కొంచెం పైకి లేపితే చాలు; నోరు తెరిపించనక్కరలేదు. పంటి మొదట్లో చిగురు వెంట ఎర్రటి గీత కనబడితే అది చిగురువాపు. పసుపు, గోధుమరంగు గార ముందుగా పై దవడ వెనుక పళ్ల బయటివైపు పేరుకుంటుంది. పెద్ద పిల్లికి 30 పళ్లుంటాయి. మూడు నుంచి ఆరు నెలల వయసులో 26 పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి కాబట్టి, ఆ వయసులో పన్ను ఊడితే కంగారు పడవలసిన పని లేదు.

పంటి మొదట్లో చిన్న గుంట పడి, అందులోకి చిగురు పెరిగినట్లు గులాబీరంగు మచ్చ కనిపిస్తే అది మనుషులకు వచ్చే పుచ్చు కాదు. పిల్లి శరీరమే తన పంటిని లోలోపల కరిగించుకునే జబ్బు అది, నొప్పి చాలా ఎక్కువ. వేరు ఎంత కరిగిందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది, సాధారణంగా ఆ పన్ను తీసివేయవలసి వస్తుంది.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. మా ఇంటి ముసలి పిల్లి ఆత్రంగా గిన్నె దగ్గరకు వచ్చి, ఎండు నెత్తళ్లలో ఒకదాన్ని నోట కరచి, తల ఒక పక్కకు వాల్చి రెండుసార్లు నమిలి, కింద పడేసి, గిన్నె వైపే చూసి బుసకొట్టి వెళ్లిపోయేది. రోజూ అదే పెట్టడంతో మొహం మొత్తిందనుకున్నాం. మెత్తటి అన్నం మాత్రం నమలకుండానే మింగేది కాబట్టి, తింటోంది కదా అన్న ధీమా మాది. దవడ వణకడం, చొంగలో నెత్తురు జీర, బొచ్చు నాక్కోవడం మానేసి అట్టకట్టడం, చిక్కిపోవడం ఇవన్నీ కూడా అలాంటి నోటినొప్పి గుర్తులే. ముసలి పిల్లికి దవడ ఒకవైపే వాచి పళ్లు కదులుతుంటే కణితి కావచ్చు, ఆలస్యం చేయకూడదు. ఉన్నట్టుండి చొంగ కారుస్తూ పంజాతో మూతి గోక్కుంటుంటే ముల్లు గుచ్చుకుని ఉండవచ్చు. దానిని మీరు లాగకండి.

పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. మనం పంటినొప్పికి వాడే లవంగ నూనె, మన టూత్‌పేస్టు కూడా దానికి పనికిరావు. గోటితో గార గీకితే పైది పోతుంది గాని చిగురు కిందిది అలాగే ఉంటుంది. దానిని మత్తు ఇచ్చి వైద్యుడే శుభ్రం చేయాలి.

మన వైపు పశువైద్యశాలలకు గేదెలు, గొర్రెలే ఎక్కువగా వస్తాయి. పిల్లికి మత్తు ఇచ్చి పళ్లు తీసే ఏర్పాటు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లేకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో విచారించవచ్చు. బల్ల మీద పెట్టగానే పిల్లి మూతి బిగించేస్తుంది కనుక, ఇంట్లో అది తినేటప్పుడు తీసిన ఒక నిమిషం వీడియోను వెంట తీసుకువెళ్లి, ఏ వైపు నమలడం లేదో వైద్యుడికి చూపించండి.