వానాకాలంలో మొక్కలు చూడబోయే ముందు: ఆకు చూసి పేరు ఖాయం చేయవద్దు

అడవి నుంచి తవ్వి తెచ్చిన దుంపను కూరదుంప అనుకుని వండుకున్నవారు ఆసుపత్రి పాలయ్యారన్న వార్తను ఈమధ్య మళ్లీ చదవవలసి వచ్చింది. గొడుగు, గట్టి బూట్లు, నీళ్ల సీసా సంగతి అందరికీ తెలుసు, వాటి జోలికి వెళ్లను. మొక్కలంటే ఇష్టపడేవారిని నిలువునా ముంచే తప్పు ఒకటుంది: ఆకు ఒక్కటే చూసి పేరు ఖాయం చేసుకోవడం, ఆ పేరును నమ్మి మొక్కను నోట్లో పెట్టుకోవడం.

తొలకరి ఈ తప్పుకు అనువైన కాలం. ఎటు చూసినా చిగుళ్లే, చాలావాటికి పువ్వులు ఇంకా రావు. అడవినాభినే తీసుకోండి. పూసినప్పుడు ఎరుపు, పసుపు రేకలు వెనక్కి విరుచుకుని దూరం నుంచే తెలిసిపోతుంది. ఆకు కొసలు నులితీగల్లా మెలితిరిగి పక్క మొక్కను పట్టుకుంటాయి. దుంప ఒక్కటే చేతికి వస్తే మాత్రం చిలగడదుంప అని పొరబడతారు. అందులో ఉండేది కోల్చిసిన్ అనే విషం. తిన్న వెంటనే ఏమీ కాదు. కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, ఆ తర్వాత మూత్రపిండాలు, ఎముక మజ్జ దెబ్బతింటాయి. కాబట్టి కొంచెం రుచి చూసి గంటసేపు ఆగి చూద్దామనే పరీక్ష ప్రాణాంతకం.

ఫెర్న్‌లతో చిక్కు ఇంకా ఎక్కువ. ఇవి పూయవు కనుక ఆకు అడుగున ఉండే సిద్ధబీజాశయాల (విత్తనాలకు బదులు ఉండే సిద్ధబీజాల సంచుల) గుంపులే మనకు ముఖ్యమైన ఆనవాలు. బ్రాకెన్ అనే విష ఫెర్న్‌లో అవి ఆకు అంచు వెంటే, మడతపడిన అంచు కింద దాగి ఉంటాయి. కూరగా వండుకునే డిప్లేజియం ఎస్క్యులెంటంలో ఈనెల వెంట గీతల్లా కనిపిస్తాయి. కానీ జనం కోసేది చుట్ట విప్పని లేత చిగురును. ఆ వయసులో అడుగున చూడటానికి ఏమీ ఉండదు! బ్రాకెన్ మేసిన పశువులకు మూత్రాశయ క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో రుజువైంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, ఆకు చూసి పేరు ఖాయం చేయవద్దు.

పేరు పెట్టాలంటే ముందు ఆధారాలు కూడబెట్టాలి. మొత్తం మొక్క, కాండం మీద ఆకుల అమరిక, ఆకు అడుగు భాగం, పక్క నుంచి పువ్వు, ఇవన్నీ స్కేలు పెట్టి ఫొటో తీయండి. పదింతలు పెంచి చూపే భూతద్దం దగ్గర ఉంచుకోండి. ఫోను యాప్ చెప్పేది పోలికను బట్టి వేసిన అంచనా మాత్రమే. అది మూడు పేర్లు చూపితే మూడూ రాసుకుని, వాటిని వేరు చేసే గుర్తు కోసం మొక్క దగ్గరే వెతకండి. దొరకకపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పూసినప్పుడు మళ్లీ రావచ్చు.

మిగిలినవి వరుసగా:

జిల్లేడు, జెముడు పాలు తగిలిన చేత్తో కన్ను ముట్టవద్దు.

బంగారు రంగు నూగు ఉన్న దూలగొండి కాయలకు గాలివాటున నిలబడవద్దు. నూగు అంటుకుంటే రుద్దకండి, అతుకు టేపుతో లాగేయండి.

గురివింద గింజలు పిల్లల చేతికి ఇవ్వవద్దు. పెంకు చిట్లేలా గింజను నమిలితే అందులోని అబ్రిన్ అనే విషం ప్రాణం తీయగలదు.

ఫెర్న్‌ల కోసం వాగు లోయల్లోకి దిగితే పైన వాన పడుతోందా అని చూడండి. నీరు ఒక్కసారిగా బురదగా మారితే కెమెరా వదిలేసి గట్టెక్కండి.

ఫొటో కోసం వెనక్కి అడుగు వేయవద్దు.

పొదల్లో తిరిగాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని వ్యాపింపజేసే చిగ్గర్లు (మంచపు నల్లులు కావు, చాలా చిన్న పురుగులు) అక్కడే ఉంటాయి.

అరుదైన మొక్కను పీకవద్దు. అది ఉన్న చోటును నలుగురికీ చాటవద్దు.

రుచి చూడవద్దు. ఒక్క తునకైనా వద్దు. మీకంటే తెలిసినవారు ఫొటో చూసి తినవచ్చన్నా వద్దు.

ఎవరైనా తినేస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, లక్షణాల కోసం కాచుకుని కూర్చోకండి. మొక్కలో మిగిలిన భాగాన్ని, వీలైతే పువ్వుతోనో కాయతోనో సహా, సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తిన్న సమయం రాసి ఉంచండి.