పోస్ట్‌గ్రెస్‌లో దిక్కులేని కనెక్షన్లు: చచ్చినవేవి, మరిచినవేవి

లక్షణం: అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు కనెక్ట్ కాబోతే "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అంటుంది. సర్వర్‌లో సీపీయూ మాత్రం ఖాళీ. చాలామంది వెంటనే మ్యాక్స్_కనెక్షన్స్‌ను (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చో చెప్పే సెట్టింగ్) 100 నుంచి 500కు పెంచి రీస్టార్ట్ కొడతారు. రీస్టార్ట్‌కి పాతవన్నీ పోతాయి కాబట్టి రోగం కుదిరినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ 500 కూడా నిండుతాయి.

సూపర్‌యూజర్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) లోపలికెళ్లండి, వాళ్లకని మామూలుగా 3 కనెక్షన్లు విడిగా ఉంటాయి. (అప్లికేషన్‌కే సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అవీ మిగలవు, అది వేరే గొడవ.) ఒక్కో కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో స్టేట్, స్టేట్_ఛేంజ్, క్లయింట్ అడ్రస్, పోర్ట్ చూడండి.

స్టేట్ "ఐడిల్" (ఏ పనీ లేదు) అని గంటల తరబడి ఉంటే, క్లయింట్ మెషీన్‌లో, అంటే అప్లికేషన్ నడిచేచోట, తెరిచి ఉన్న కనెక్షన్లను చూపే ఎస్‌ఎస్ కమాండ్‌తో ఆ పోర్ట్ వెతకండి. అక్కడ లేదంటే అవతలివాడు చెప్పకుండా పోయాడన్నమాట: కరెంటు పోయిన మెషీన్, మధ్యలో ఫైర్‌వాల్ మరిచిపోయిన సెషన్. అవతలివాడు ఉన్నాడా అని పలకరించి చూసే లైనక్స్ కీప్‌అలైవ్ మామూలుగా మొదటి పలకరింపుకే 7200 సెకన్లు ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లో టీసీపీ_కీప్‌అలైవ్స్_ఐడిల్ 60, ఇంటర్వల్ 10, కౌంట్ 6 పెట్టండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. దీనికి రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు. పెద్ద క్వెరీ నడుస్తుండగా క్లయింట్ పోతే సర్వర్‌కు తెలియదు. దానికి 14వ వెర్షన్ నుంచి క్లయింట్_కనెక్షన్_చెక్_ఇంటర్వల్ ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్.

పోర్ట్ అక్కడే ఉంటే కీప్‌అలైవ్ ఎంత తగ్గించినా లాభం లేదు. క్లయింట్ బతికే ఉంది, కనెక్షన్‌ను పూల్‌కి (కనెక్షన్లను తెరిచి ఉంచి, అడిగినవారికి ఇచ్చి తీసుకునే భాగం) తిరిగివ్వడం మరిచింది. ఎక్సెప్షన్ వచ్చే దారిలో క్లోజ్ ఉందో లేదో కోడ్‌లో చూడండి, తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను కొంతసేపటికి తెంపే, 14లో వచ్చిన ఐడిల్_సెషన్_టైమౌట్‌ను పూల్ ఉన్నచోట పెట్టకండి. తెగిన కనెక్షన్‌ను పూల్ మంచిదనుకుని ఇంకొకరి చేతికిస్తుంది.

అన్నిటికంటే చెడ్డది "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్", అంటే ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి ముగించకుండా వదిలేసిన కనెక్షన్. ఇది లాక్‌లు పట్టుకుని కూర్చుంటుంది, పోస్ట్‌గ్రెస్‌లో శుభ్రం చేసే వ్యాక్యూమ్‌ను టేబుళ్లలోని పనికిరాని పాత వరుసలు ఊడ్వనివ్వదు. ఇలాంటివాటిని గడువు దాటితే తెంపే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ 9.6 వెర్షన్ నుంచీ ఉంది. సర్వర్ మొత్తానికి కాకుండా, ఆల్టర్ రోల్ కమాండ్‌తో ఆ అప్లికేషన్ యూజర్‌కే 5 నిమిషాలు పెట్టండి.

ఇప్పటికే ఇరుక్కున్న కనెక్షన్లను తెంపడానికి పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ వాడండి. పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ నడిచే క్వెరీనే ఆపుతుంది, ఐడిల్‌గా ఉన్నదాన్ని కదపదు. ప్రాసెస్‌ను బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 జోలికి మాత్రం పోవద్దు: ఒక్క ప్రాసెస్ అలా చస్తే పోస్ట్‌గ్రెస్ అందరి కనెక్షన్లూ తెంపి క్రాష్ రికవరీలోకి వెళ్తుంది.