అడవికి డబ్బు, పాఠం 4: టన్ను డాలరయ్యేదాకా

గత పాఠంలో ఆధార స్థాయి కట్టడం చూశాం. కొత్తగా ఏ ప్రయత్నమూ చేయకపోతే ఏటా ఎంత అడవి పోతుందో చెప్పే అంకె అది. నష్టం దానికన్నా తగ్గితే, వెలువడకుండా ఆగిన ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కూ దాతలు దేశానికి డబ్బిస్తారు. ఈసారి ఆ అంకె దగ్గర బయల్దేరి ఖజానాలో పడే డాలర్ల దాకా వెళ్దాం. దారి పొడుగునా ఆ డబ్బులో కోతలే. ఆ కోతలు వేయకుండానే ఏ శాఖకు ఎంతో పంచేసుకునే ప్రణాళికలు చాలానే ఉంటాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! స్ప్రెడ్‌షీట్ తెరిచి ప్రతి అంకెనూ మీరే వేసి చూడండి, చదివి వదిలేస్తే ఈ పాఠం అంటదు.

లెక్క కోసం ఒక ఊహా దేశాన్ని తీసుకుందాం. అడవి 50 లక్షల హెక్టార్లు. గత పదేళ్ల సగటున ఏటా 30,000 హెక్టార్లు పోయింది. ఈ ఏడు పోయింది 26,000. అంటే తగ్గింది 4,000 హెక్టార్లు.

హెక్టారు నుంచి టన్నుకు

ముందు ఒక హెక్టారు అడవి పోతే ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో తేల్చాలి. జాతీయ అటవీ సర్వేలో చెట్ల కొలతల నుంచి నేలపైన ఉన్న బయోమాస్, అంటే చెట్ల మొత్తం బరువు, వస్తుంది. మన ఊహా దేశానికి హెక్టారుకు 240 టన్నులు అనుకుందాం, ఎండు బరువు. వేళ్లకు నిష్పత్తి 0.25 వేస్తే మరో 60. మొత్తం 300 టన్నులు. ఎండు బయోమాస్‌లో కార్బన్ వాటా 0.47 కాబట్టి 141 టన్నుల కార్బన్. అడవి పోయిన చోట నేల బోడిగా ఉండదు, పైరు గానీ గడ్డి గానీ వస్తుంది. దాని కింద 10 తీసేస్తే 131. దీన్ని 44/12తో (కార్బన్ డయాక్సైడ్, కార్బన్ బరువుల నిష్పత్తి) గుణిస్తే 480 టన్నుల కార్బన్ డయాక్సైడ్.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. పచ్చి బరువును ఎండు బరువుగా వేయడం ఒకటి, 44/12తో రెండుసార్లు గుణించడం ఇంకొకటి. రెండోది నవ్వులాటగా అనిపించవచ్చు కానీ, సర్వే బృందం పంపిన పట్టికలో ‘కార్బన్’ అని రాసి ఉన్నది నిజానికి కార్బన్ డయాక్సైడ్ అయితే అదే జరుగుతుంది. మీ జవాబు హెక్టారుకు వెయ్యి టన్నులు దాటిందంటే ముందు ఇదే వెతకండి.

అడవి నష్టం తగ్గించినందుకు దాతలిచ్చే డబ్బు కోసం బ్రెజిల్ 2008లో అమెజాన్ ఫండ్ పెట్టినప్పుడు ఈ చిక్కులన్నీ పక్కన పెట్టి హెక్టారుకు 100 టన్నుల కార్బన్ అని కావాలనే తక్కువ అంకె వేసుకుంది. 44/12తో గుణిస్తే సుమారు 367 టన్నులు. దాంతో కొంత డబ్బు వదులుకున్నట్టే, కానీ ఆ అంకె మీద వాదనకు దిగే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. సర్వే సమాచారం బలహీనంగా ఉన్న దేశానికి ఇది మంచి దారి.

మన దేశానికి 4,000 × 480 = 19,20,000 టన్నులు. టన్నుకు 5 డాలర్లయితే 96 లక్షల డాలర్లు. పత్రికా ప్రకటనల్లో కనిపించేది ఈ అంకే. ఇది చేతికి రాదు.

తేడాలో దాగిన తప్పు

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే కాబట్టి నెమ్మదిగా చదవండి.

30,000 అన్న అంకెలో ఎటైనా 10 శాతం తప్పు ఉండవచ్చు, 26,000లోనూ అంతే అనుకుందాం. పదిశాతమే కదా అనిపిస్తుంది. కానీ డబ్బు వచ్చేది ఈ రెండు అంకెలకూ కాదు, వాటి మధ్య తేడాకు. తప్పులు 3,000, 2,600 హెక్టార్లు. వాటిని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయండి: సుమారు 3,970. తేడా 4,000 హెక్టార్లు, అందులో తప్పు 3,970! అంటే 99 శాతం. హెక్టారుకు 480 టన్నులన్న అంకెలో 15 శాతం తప్పు ఉంటే దాన్నీ అదే పద్ధతిలో కలపండి. 100 దాటుతుంది. పెద్ద అంకెలోంచి పెద్ద అంకె తీసేస్తే మిగిలేది చిన్నదే, తప్పు మాత్రం చిన్నదవదు.

తగ్గిన టన్నులకు డబ్బిచ్చే నిధుల్లో ఒకటైన, ప్రపంచ బ్యాంకు నడిపే ఫారెస్ట్ కార్బన్ పార్ట్‌నర్‌షిప్ ఫెసిలిటీ కార్బన్ ఫండ్‌లో ఈ తప్పుకు, అంటే అనిశ్చితికి, కోత పట్టిక ఉంది. 90 శాతం విశ్వాస స్థాయిలో అనిశ్చితి 15 శాతం లోపుంటే కోత లేదు. 30 లోపుంటే 4 శాతం, 60 లోపుంటే 8, 100 లోపుంటే 12, ఆపైన 15 శాతం పక్కన పెట్టాలి. మన ఊహా దేశం చివరి మెట్టులో పడింది.

విస్తీర్ణం తప్పును రెండు వైపులా 5 శాతానికి దించారనుకోండి. అదే లెక్క మళ్లీ వేస్తే తేడాలో తప్పు సుమారు 50 శాతం, 15 కలిపాక 52. కోత 15 నుంచి 8కి దిగుతుంది. 7 శాతం అంటే 1,34,400 టన్నులు, ఏటా 6,72,000 డాలర్ల విలువ. అనిశ్చితిని సగం చేయాలంటే మాత్రం శాంపిల్ పాయింట్లు (మ్యాప్ నిజమో కాదో చూడటానికి ఎంచుకునే చోట్లు) నాలుగింతలు కావాలి. వాటిని ఉపగ్రహ చిత్రాల్లో చూసి నమోదు చేసే మనుషుల జీతాలు ఒక పక్క, ఈ 6,72,000 ఒక పక్క పెట్టి తూచండి. చాలాసార్లు జీతాలే చవక.

పాయింట్లు పెంచేముందు అవి ఎక్కడ పడుతున్నాయో చూడాలి. మ్యాప్‌లో ‘చెక్కుచెదరని అడవి’ అని ఉన్న 50 లక్షల హెక్టార్లలో 1,000 పాయింట్లు వేశారనుకోండి. వాటిలో రెండు చోట్ల అడవి పోయిందని తేలింది. వెయ్యిలో రెండంటే 0.2 శాతం, అంటే 10,000 హెక్టార్లు! రెండే రెండు పాయింట్లు దేశం లెక్కనే తిరగేశాయి. పైగా ఆ పదివేలలో అటూ ఇటూ సుమారు 11,600 తప్పు. ఇలా జరగడానికి కారణం ఉంది. మ్యాప్ కన్నుగప్పే నష్టం అడవి నడిబొడ్డున అరుదు, అంచుల్లో, దారుల పక్కన ఎక్కువ. అందుకే అంచు వెంట ఒక పట్టీని వేరే తరగతిగా విడదీయాలి. ఆ పట్టీ 3 లక్షల హెక్టార్లు, అందులో 600 పాయింట్లు వేసి, తప్పిన రెండూ అక్కడే దొరికాయనుకోండి. ఇప్పుడు నష్టం 1,000 హెక్టార్లు, తప్పు సుమారు 1,160. పాయింట్ల సంఖ్య పెంచకుండానే తప్పు పదో వంతుకు దిగింది.

ఇంకో జాగ్రత్త. ఆధార స్థాయిని ఒక్కో చుక్క 30 మీటర్లుండే ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో కట్టి, ఫలితాన్ని చుక్క 10 మీటర్లే ఉండే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో కొలవకండి. సన్నని కళ్లకు చిన్న చిన్న నరికివేతలు కూడా కనిపిస్తాయి, అడవి హఠాత్తుగా ఎక్కువ పోయినట్టు తేలుతుంది. అడవి నిర్వచనం మారినా ఇదే గొడవ. రెండు కాలాలకూ ఒకే కొలకర్ర.

బఫర్, ఆపై ధర

ఈ ఏడు నిలిచిన అడవి వచ్చే కరువులో కాలిపోవచ్చు. ఆ భయానికి కొన్ని టన్నులు విడిగా బఫర్‌లో పెడతారు. కార్బన్ ఫండ్‌లో ఇది నష్టభయాన్ని బట్టి 10 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. మనం 20 వేసుకుందాం. విస్తీర్ణం తప్పును 5 శాతానికి దించారనుకుంటే 19,20,000లో 8 శాతం పోగా 17,66,400, అందులో 20 శాతం పోగా 14,13,120 టన్నులు. 5 డాలర్ల చొప్పున 70,65,600 డాలర్లు. 96 లక్షల్లో పావువంతుకు పైగా ఇక్కడికే కరిగిపోయింది.

5 డాలర్లే ఎందుకంటే ఈ రంగంలో అది పాతుకుపోయిన ధర. అమెజాన్ ఫండ్‌దీ, 2009 నాటి గయానా–నార్వే ఒప్పందానిదీ, 2017లో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింది గ్రీన్ క్లైమేట్ ఫండ్ 50 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన ప్రయోగానిదీ ఆ ధరే. కార్బన్ మార్కెట్లో ఇంతకన్నా ఎక్కువ పలికే టన్నులూ ఉన్నాయి. అక్కడ అమ్మిన టన్నును సర్దుబాటు కింద కొన్నవాళ్ల లెక్కకు బదిలీ చేస్తే మీ దేశ ఉద్గారాల తగ్గింపు లక్ష్యంలో దాన్ని మళ్లీ చూపుకోలేరు. ఆ బేరం పాఠం 6లో.

డబ్బు ఎప్పుడొస్తుంది?

ఘనా కోకో అడవుల కార్యక్రమం 2019 జూన్ నుంచి డిసెంబరు దాకా 9,72,456 టన్నులు తగ్గించింది. దానికి 48,62,280 డాలర్లు అందినట్టు ప్రపంచ బ్యాంకు ప్రకటించింది 2023 జనవరిలో. వియత్నాం 2018 ఫిబ్రవరి నుంచి 2019 చివరి దాకా తగ్గించిన 1.03 కోట్ల టన్నులకు 5.15 కోట్ల డాలర్ల ప్రకటన వచ్చింది 2024లో. మధ్యలో నివేదిక రాయాలి, బయటి సంస్థ తనిఖీ చేయాలి, ఎవరికెంత అన్న పంపిణీ ప్రణాళిక సిద్ధంగా ఉండాలి, టన్నుల మీద హక్కు ప్రభుత్వానిదేనని చట్టపరంగా చూపాలి. ఈ చివరిది చాలాచోట్ల తనిఖీ కన్నా ఎక్కువ కాలం తింటుంది. ఆ ఫైలును మొదటి ఏడే కదపండి.

ఇప్పుడు నగదు వరుస, అంటే ఏ ఏడు ఎంత వస్తుందో ఎంత పోతుందో, వేయండి. గస్తీ, పాయింట్ల పరిశీలన, గ్రామాల పనులు కలిపి ఏటా 30 లక్షల డాలర్ల ఖర్చు, ప్రతి ఏడాది మొదట్లో. మొదటి రెండేళ్ల ఫలితాలకు డబ్బు నాలుగో ఏడాది చివర వస్తుంది: రెండు దఫాల 70,65,600, అంటే 1,41,31,200. ఆ నాలుగేళ్లూ 6 శాతం వడ్డీకి అప్పు తెచ్చి నడిపితే అప్పటికి తీర్చాల్సింది సుమారు 1,39,11,000. మిగిలేది 2,20,000. డబ్బు ఒక్క ఏడు ఆలస్యమైతే, మరో ఏడాది ఖర్చు, వడ్డీ కలిసి దాదాపు 38 లక్షల లోటు. మూడో ఏడు, నాలుగో ఏడు ఫలితాలకూ డబ్బు రావాల్సి ఉంది, నిజమే. గస్తీ జీతాలు మాత్రం అప్పటిదాకా ఆగవు.

అందుకే తొలి ఏళ్లకు దేశంలోనే పుట్టే ఆదాయం ఒకటి చూసుకోవాలి. కోస్టా రికా 1996 అటవీ చట్టంతో ఫోనాఫీఫో అనే నిధి పెట్టింది, ఇంధన పన్నులో 3.5 శాతం దానికి చేరుతుంది. దాత వచ్చినా రాకున్నా భూయజమానులకు చెల్లింపు సాగుతుంది. భారత్ ఇంకో దారి పట్టింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా లెక్కగట్టేటప్పుడు అడవికి 14వ ఆర్థిక సంఘం 7.5 శాతం, 15వది 10 శాతం బరువు ఇచ్చింది. అయితే ఆ డబ్బును అడవి మీదే ఖర్చు పెట్టాలన్న షరతు లేదు. అడవి ఉన్నందుకు వచ్చిన డబ్బు రోడ్లకు పోవచ్చు.

దాత డబ్బు ఎక్కడ నిలవ ఉంచాలన్నదీ ముందే తేల్చుకోండి. సాధారణ ఖజానాలో పడితే ఏటా బడ్జెట్ ఆమోదం కావాలి, సంవత్సరాంతంలో మురిగిపోయే ప్రమాదం ఉంది. అమెజాన్ ఫండ్‌లా ఒక అభివృద్ధి బ్యాంకులో విడిగా పెట్టొచ్చు. అదీ గట్టి గోడ కాదు: 2019లో ప్రభుత్వం ఆ నిధి కమిటీలను రద్దు చేయగానే కొత్త పనులు ఆగిపోయి, 2023లో గానీ మళ్లీ మొదలు కాలేదు.

హెక్టారుకు ఎంత?

70,65,600ను పోకుండా మిగిలిన 4,000 హెక్టార్లతో భాగిస్తే హెక్టారుకు 1,766 డాలర్లు. బ్రహ్మాండంగా ఉంది. కానీ ఏ 4,000 హెక్టార్లు మిగిలాయో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. మొత్తం 50 లక్షల హెక్టార్లతో భాగించండి: 1 డాలరు 41 సెంట్లు. అడవి ఉన్న ప్రతి ఊరికీ సమానంగా పంచితే ఎవరి నిర్ణయమూ మారనంత చిన్న మొత్తం అది. నష్టం ఎక్కడ గుమిగూడిందో ఆధార స్థాయి మ్యాపే చెబుతుంది. డబ్బులో పెద్ద వాటా అక్కడికే వెళ్లాలి. అయితే ఇన్నేళ్లూ అడవిని కాపాడిన ఊళ్లకు ఏమీ ఇవ్వకపోతే, నరికినవాళ్లకే డబ్బులా అన్న ప్రశ్న లేస్తుంది, న్యాయంగానే లేస్తుంది. కాబట్టి ఒక స్థిర వాటాను వాళ్లకు రాసిపెట్టి, మిగతాది ఒత్తిడి ఉన్నచోటికి పంపడం ఆచరణలో నిలుస్తుంది. ఆ వాటాను ఫలితాలకు ముడిపెట్టకండి. వాళ్ల దగ్గర తగ్గడానికి నష్టమే లేదు, టన్నులెక్కడ పుడతాయి?

వచ్చే పాఠం లోపు

మన ఊహా దేశంలో ఈ ఏడు నష్టం 26,000 బదులు 29,000 అని పెట్టి, విస్తీర్ణం తప్పు 5 శాతంగానే ఉంచి, అనిశ్చితి నుంచి చివరి డాలరు దాకా లెక్కంతా మళ్లీ వేయండి. తర్వాత ఆ ఆదాయంతోనే నగదు వరుస కట్టి, ఏటా 30 లక్షల ఖర్చు ఎన్నో ఏట ఆపాల్సి వస్తుందో గుర్తించండి. పాఠం 5 ఆ లోటు దగ్గరే మొదలవుతుంది.