కిలోమీటరు రాయి మీది అంకెను నిమిషాలుగా చదవడం

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిమిషానికి ఒక కిలోమీటరు పోతుంది. దారిలో చేసుకోవలసిన కాలం లెక్కలన్నింటికీ ఈ ఒక్క సంగతే ఆధారం. మిర్యాలగూడ ఇంకా 36 కిలోమీటర్లని రాయి మీద కనిపిస్తే, 60 వేగంతో పోయేవారికి అది 36 నిమిషాల దూరం. వేగం మారితే కొత్తగా భాగహారం మొదలుపెట్టనక్కరలేదు. ఆ 36కు తగిన వంతు కలపడమో, అందులోంచి తీసేయడమో చేస్తే చాలు. వేగం 40 అయితే సగం కలపాలి, 54 నిమిషాలు వస్తాయి. 45 అయితే మూడో వంతు కలిపి 48, 48 అయితే నాలుగో వంతు కలిపి 45, 50 అయితే అయిదో వంతు కలిపి సుమారు 43 అనుకోవాలి. 30 వేగానికి రెట్టింపు. 60 దాటిన వేగాలకు తీసివేత: 80కి నాలుగో వంతు పోగా 27, 90కి మూడో వంతు పోగా 24. 60ని వేగంతో భాగిస్తే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో తెలుస్తుంది కాబట్టే ఈ పద్ధతి పనిచేస్తుంది. 60ని 45తో భాగిస్తే ఒకటి, దాని మీద మూడో వంతు వస్తుంది.

బస్సులో వెనక సీట్లలో కూర్చున్నవారికి స్పీడోమీటరు కనిపించదు, కానీ కిలోమీటరు రాళ్లు కనిపిస్తాయి. మూడు కిలోమీటర్లకు నాలుగు నిమిషాలు పట్టిందంటే 60లో ముప్పావు, అంటే 45 వేగం. అయిదింటికి ఆరు నిమిషాలు పడితే 50, రెండింటికి మూడు పడితే 40. అయితే మరీ తక్కువ దూరం మీద కొలవకూడదు. గడియారం చూడటంలో అర నిమిషం తేడా వస్తే నాలుగు నిమిషాల కొలతలో అది ఎనిమిదో వంతు పొరపాటు. పది కిలోమీటర్లు కొలిచినప్పుడు అదే అర నిమిషం లెక్కలోకి రానంత చిన్నది. పల్లెవెలుగు బస్సయితే స్టేజీల దగ్గర ఆగిన సమయాన్ని కూడా కొలతలో కలుపుకోవాలి, లేకపోతే చేరే వేళ ఎప్పుడూ ముందుకే చూపిస్తుంది.

దారి అంతా ఒకే తీరుగా ఉండదు కాబట్టి ముక్కలు చేసుకోవడం మంచిది. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి సుమారు 20 కిలోమీటర్లు, అక్కడి నుంచి 65వ జాతీయ రహదారి మీద హైదరాబాదు సుమారు 80. మొదటి ముక్క 40 వేగంతో 30 నిమిషాలు, రెండోది 60 వేగంతో 80 నిమిషాలు. కలిపి గంటా యాభై నిమిషాలు. నగరంలోకి వచ్చాక ట్రాఫిక్‌కు పట్టే సమయాన్ని మూడో ముక్కగా విడిగా చేర్చుకోవాలి.

చాలామంది తడబడేది సగటు వేగం దగ్గర. నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు సుమారు 60 కిలోమీటర్లు. పోయేటప్పుడు 60, వచ్చేటప్పుడు 40 వేగంతో నడిపితే సగటు 50 అని తోస్తుంది. కానీ పోవడానికి గంట, రావడానికి గంటన్నర పట్టింది. 120 కిలోమీటర్లకు రెండున్నర గంటలు, అంటే సగటు 48. తక్కువ వేగంతో గడిపిన సమయమే ఎక్కువ కాబట్టి సగటు దానివైపు మొగ్గుతుంది. రెండు వేగాలను కూడి సగం చేయడం సరిపోయేది వాటితో సమానమైన కాలం నడిపినప్పుడే గాని సమానమైన దూరం నడిపినప్పుడు కాదు.

బండి నడిపే ప్రతివారూ ఇంకొక లెక్క తప్పక వేసి చూడాలని నా కోరిక. అవే 36 కిలోమీటర్లకు వేగం 40 నుంచి 60కి పెంచితే 18 నిమిషాలు మిగులుతాయి. 60 నుంచి 80కి పెంచితే తొమ్మిది. 80 నుంచి 100కు పెంచితే అయిదు నిమిషాల చిల్లర. పెంచిన వేగం ప్రతిసారీ 20 కిలోమీటర్లే అయినా లాభం దాదాపు సగానికి తగ్గిపోతుంటే, ప్రమాదం మాత్రం పెరుగుతూ పోతుంది. టీ తాగడానికి పట్టే ఆ అయిదు నిమిషాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవలసిన పనిలేదు.

లెక్కను వెనక నుంచి వేయవలసిన సందర్భం శ్రీశైలం దారిలో వస్తుంది. అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను పోనివ్వరు కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టుకు తొమ్మిదిలోపే చేరాలి. ఇంకా 60 కిలోమీటర్లు ఉండగా ఏడున్నర అయితే, 40 వేగంతో సరిగ్గా తొమ్మిదికి చేరుతాం. ఒక్క నిమిషం కూడా వెసులుబాటు లేదు. 45 వేగంతో 80 నిమిషాలు, పది నిమిషాలు మిగులుతాయి. ఇలాంటి చోట మిగిలిన సమయాన్ని తక్కువగానే అంచనా వేసుకోవాలి, పట్టే సమయాన్ని ఎక్కువగా.

డబ్బు లెక్కలకూ వంతులే చాలు. లీటరు పెట్రోలు 110 రూపాయలనుకుని, బైకు లీటరుకు 55 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు రెండు రూపాయలు. రాయి మీది అంకెను రెట్టింపు చేస్తే అదే ఖర్చు. టోలుగేటు దగ్గర 24 గంటల్లో తిరిగివస్తే రానుపోను కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లు, అంటే రెండు విడి ప్రయాణాల మొత్తంలో పావు వంతు తగ్గింపు. ఫాస్టాగ్ లేకుండా యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు: ఫాస్టాగ్‌తో 80 అయ్యేది యూపీఐతో 100 అవుతుంది.

కారు ఖర్చు పంచుకునే చోట నిష్పత్తి జాగ్రత్తగా చూడాలి. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. ఇద్దరు అక్కడే ఎక్కారు, మూడోవారు సుమారు 15 కిలోమీటర్ల తర్వాత జడ్చర్లలో ఎక్కారు. కిలోమీటరుకు ఆరు రూపాయల చొప్పున మొత్తం 600. తలా 200 అంటే జడ్చర్లవారికి అన్యాయం. దూరాల నిష్పత్తి 100:100:85ను 20:20:17గా కుదిస్తే మొత్తం 57 వాటాలు, వాటా సుమారు పదిన్నర రూపాయలు. మొదటి ఇద్దరికీ సుమారు 210 రూపాయల 50 పైసల చొప్పున, మూడోవారికి 179 రూపాయల దాకా వస్తుంది. ముక్కలవారీగా పంచడం ఇంతకంటే న్యాయమని నాకనిపిస్తుంది: మొదటి 15 కిలోమీటర్ల 90 రూపాయలు ఇద్దరికి 45 చొప్పున, మిగిలిన 510 ముగ్గురికి 170 చొప్పున. అప్పుడు ఇద్దరు 215 చొప్పున, మూడోవారు 170 ఇస్తారు. మూడింటినీ కూడితే సరిగ్గా 600 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక వంతు తప్పినట్టే.